మత్తులో నున్న రోగి ఊపిరి

మరిపెడ మండలములోని గ్రామములనుండి ఆపరేషను నిమిత్తము రోగులు మహబూబాబాదుకో, వరంగల్లుకో, ఖమ్మమునకో పోవుచుందురు. పెక్కుసార్లు పంచాయతీ సభ్యుడొకరు వారికి తోడుగా వెళ్ళుట కద్దు. కోత కోయు వైద్యుని పేరు అందరును అడుగుదురు. రోగి తలవైపు నిలిచి అతని ఊపిరిని కాచుచుండు మత్తువైద్యుని గూర్చి అడుగువారు అరుదు.

ఊపిరిని కాచవలెనను మాటను లోకమునకు గట్టిగా చెప్పినది హైదరాబాదు. అచట రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ, క్లోరోఫారము ఇచ్చునపుడు నాడిని గాక శ్వాసను చూడవలెనని వాదించెను. 1888లో ఒక విచారణ సంఘము ఆ మాటనే చెప్పెను. ఇంగ్లండు వైద్యులు పెక్కురు నమ్మలేదు. 1889లో నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, లాన్సెటు పత్రిక ఎన్నిన లాడర్ బ్రంటన్ అను వైద్యుని ఇచటికి రప్పించెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, శ్వాస ముందు నిలుచును, గుండె పిమ్మట నిలుచును అని తేల్చిరి. లారీ శిష్యురాలైన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా ఎన్నబడుచున్నారు. అయితే ఆ తీర్పు సగమే నిజము. క్లోరోఫారము కొద్దిపాటిగా ఇచ్చినను గుండె హఠాత్తుగా నిలిచిపోవచ్చునని 1911లో లెవీ అను వైద్యుడు చూపెను. నేడు ఆ మందు ఆపరేషను గదులలో వాడుట లేదు. శ్వాసను కాచు విధి మాత్రము నిలిచియున్నది.

ఆనాటి వైద్యునకు కన్ను, చెవి, చేయియే సాధనములు. నేడు పెద్ద ఆపరేషనులలో కండరములను సడలించు మందు ఇత్తురు గనుక రోగి తానై ఊపిరి తీయలేడు. శ్వాసనాళములోనికి గొట్టము దింపగా యంత్రము గాలి నూదును. ఊపిరి'తిత్తి' అను పేరు ఊరక రాలేదు. కమ్మరి కొలిమితిత్తిని ఒత్తునపుడు గొట్టము పూడినచో చేతికి బరువు తెలియును. తిత్తి చినిగినచో బరువే యుండదు. యంత్రమును అట్లే ఎంత గాలి పోయినది, ఎంత ఒత్తిడితో పోయినది కొలుచుచుండును. ఒత్తిడి పెరిగినచో గొట్టము మడతపడియుండవచ్చును, కఫము అడ్డియుండవచ్చును, ఉబ్బసపు రోగికి నాళములు ముడుచుకొనియుండవచ్చును. గొట్టము లోతుగా దిగి ఒక ఊపిరితిత్తికే గాలి పోవుచుండవచ్చును. ఒత్తిడి పడిపోయినచో ఎచటనో అతుకు ఊడినదని ముందుగా అనుమానింతురు.

రెండవ కాపు బొగ్గుపులుసు వాయువు. మనము పీల్చు గాలిలో ఇది నూటికి సుమారు 0.04 పాలు, విడుచు గాలిలో 4, 5 పాళ్ళు. కాప్నోగ్రాఫు అను పరికరము ఈ వాయువును కొలిచి, ప్రతి ఊపిరికిని తెరపై చెరువుగట్టు వంటి గీత గీయును. ఊపిరి చివర విలువ మామూలుగా 35 నుండి 45 మిల్లీమీటర్ల పాదరసము. గొట్టము పొరపాటున అన్నవాహికలోనికి పోయినచో రొమ్ము కదలినట్లే తోచవచ్చును. కాని గీత లేవదు, లేచినను కొన్ని ఊపిరులలోనే అణగిపోవును. కోవిడు కాలమున 2020, 2021లో ఊరూర వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు చూపునది ప్రాణవాయువును. మత్తుకు ముందే ప్రాణవాయువు నిండుగా పట్టింతురు గనుక, ఆపద వచ్చినను ఆ అంకె దిగుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. కాప్నోగ్రాఫు క్షణములలో చెప్పును. గుండె రక్తమును ఊపిరితిత్తులకు పంపకున్నను ఈ వాయువు అచటికి చేరదు, గీత కుంగును. నాడియా, శ్వాసయా అను నాటి తగవులో ఇరుపక్షములకును ఈ ఒక్క గీతలో చోటు దొరికినది.

యంత్రము ముందుగా చెప్పలేని సంగతులను ఇంటివారే చెప్పవలెను. ఉబ్బసము, దగ్గు, బీడీ అలవాటు, మునుపటి మత్తులో కలిగిన ఇబ్బంది దాచరాదు. రోగి నీరసించునని గుట్టుగా జావయో, పాలో పట్టించు వారున్నారు. ఇది మిక్కిలి ప్రమాదకరము: మత్తులో కడుపులోనిది పైకి ఎగదన్ని ఊపిరితిత్తులలో పడినచో ప్రాణమునకే ముప్పు. సాధారణముగా పెద్దవారికి అన్నము కనీసము 6 గంటలు, నీరు 2 గంటలు ముందే మాన్పింతురు. రోగిని చూచిన వైద్యుడు చెప్పిన గడువే ప్రమాణము.

ఆపరేషను తేదీ అడుగునాడే, కాప్నోగ్రాఫు కలదా, పనిచేయుచున్నదా అని మర్యాదగా అడుగవచ్చును. మంచి మత్తువైద్యుడు ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు. నడుముకు సూదియిచ్చి చేయు ఆపరేషనులలో రోగి తానే ఊపిరి తీయును గనుక గొట్టపు పని సాధారణముగా నుండదు; అయినను ఆ సూది ప్రభావము పైకి ప్రాకి ఊపిరి తగ్గు సందర్భములు అరుదుగా కలవు గనుక, అచటను మత్తువైద్యుడు రోగి తలవైపే నిలిచియుండును.