సెల్‌ఫోను వల్ల మెదడులో కణితి వస్తుందా?

"ఎప్పుడూ ఆ ఫోను చెవి దగ్గరే! మెదడులో గడ్డ లేస్తుంది" అని ఇంట్లో పెద్దలు కోప్పడటం మీరు వినే ఉంటారు. మన పాతబస్తీ గల్లీల్లో ఏ మేడ మీదనైనా సెల్ టవరు లేచిందంటే ఇదే భయం ఇరుగుపొరుగు మధ్య తగవుగా మారుతుంది. ఈ భయంలో నిజమెంతో చూద్దాం.

ఫోను నుంచి వచ్చేదేమిటి?

ఫోను మన మాటలను రేడియో తరంగాల ద్వారా టవరుకు పంపుతుంది. ఇవి విద్యుదయస్కాంత తరంగాలు. కాంతి, ఎక్స్-కిరణాలు కూడా ఈ కుటుంబంలోవే. తేడా అంతా పౌనఃపున్యంలో ఉంది. ఫోను తరంగం సెకనుకు 200 కోట్ల సార్లు కంపిస్తుందనుకుంటే, ఎర్రని కాంతి దానికి రెండు లక్షల రెట్లు ఎక్కువగా కంపిస్తుంది. ఎక్స్-కిరణాలది ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ.

తరంగ శక్తి చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. వీటిని ఫోటాన్లు అంటారు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఒక్కొక్క ఫోటాన్ శక్తి పెరుగుతుంది. ఎక్స్-కిరణాల ఫోటాన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగలదు. దీన్నే అయనీకరణం అంటాం. దీనివల్ల కణంలోని డి.ఎన్.ఏ. దెబ్బతిని, ఒక్కోసారి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఫోను తరంగాల ఫోటాన్‌కు అంత శక్తి లేదు. చెట్టు మీది మామిడికాయను ఒక్క రాయి పడగొడుతుంది. గుప్పెళ్ళకొద్దీ ఇసుక విసిరినా కాయ రాలదు కదా!

మరి ఫోను తరంగాలు అసలేమీ చేయవా? కొద్దిగా వేడి పుట్టిస్తాయి. లాడ్ బజారులో గాజుల కోసం లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరుస్తారు. సెగకు లక్క మెత్తబడుతుందే గాని అయనీకరణం జరగదు. ఫోను పుట్టించే వేడి ఆ సెగతో పోల్చదగ్గది కాదు. అయినా దానికీ హద్దు ఉంది. తల పీల్చుకునే రేడియో శక్తి కిలోగ్రాము కణజాలానికి 1.6 వాట్లు మించరాదని మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి నియమం ఉంది.

మనుషులను లెక్కపెడితే?

సిద్ధాంతం ఒక్కటే చాలదు. మనకు తెలియని మరో దారిలో హాని జరుగుతుందేమో! అందుకే మనుషులను పరిశీలించాలి.

"మా వీధిలో ఒకాయన రోజంతా ఫోనులో మాట్లాడేవాడు. ఆయనకు కణితి వచ్చింది" అంటే కారణం దొరికినట్టేనా? సెల్‌ఫోన్లు లేని కాలంలోనూ కణితులు వచ్చేవి. ఇప్పుడు దాదాపు అందరి చేతిలో ఫోను ఉంది కాబట్టి, కణితి ఎవరికి వచ్చినా వారి చేతిలోనూ ఫోను ఉంటుంది.

13 దేశాల్లో జరిపిన 'ఇంటర్‌ఫోన్' పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. కణితి ఉన్నవారినీ లేనివారినీ పాత ఫోను వాడకం గురించి అడిగారు. మొత్తం మీద ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అందరికంటే ఎక్కువ మాట్లాడిన పదోవంతు మందిలో మాత్రం ఒక రకం కణితి కొంత ఎక్కువగా కనిపించింది. కాని, ఏళ్ళనాటి వాడకం ఎవరికి సరిగ్గా గుర్తుంటుంది? ఆ కొత్త రోజుల్లోనే రోజుకు 5 గంటలకు మించి మాట్లాడామన్నవారూ ఉన్నారు! 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి జాబితాలో చేర్చింది. ఆధారాలు పరిమితంగా ఉన్నాయి, అనుమానాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం అని దాని అర్థం.

ఇంతకంటే మంచి పద్ధతి ఒకటుంది. ముందే వాడకం రాసుకుని, తరువాత ఏళ్ళ తరబడి గమనించడం. బ్రిటన్‌లో 7 లక్షల 76 వేల మంది స్త్రీలను సుమారు 14 ఏళ్ళు ఇలా గమనించారు. ఫోను వాడినవారికీ వాడనివారికీ కణితుల్లో తేడా లేదని 2022లో ప్రకటించారు. అదే ఏడాది మీ వయసువారిపై జరిగిన 'మోబి-కిడ్స్' ఫలితాలూ అచ్చయ్యాయి. మన దేశంతో సహా 14 దేశాల్లో 10–24 ఏళ్ళవారిని పరిశీలించిన ఈ పరిశోధనలో కూడా ఫోను వల్ల కణితి వస్తుందన్న ఆధారం దొరకలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 63 పరిశోధనలను కలిపి చూసినవారూ, పదేళ్ళకు మించి వాడినా ముప్పు పెరగలేదనే తేల్చారు.

మనమేం చేయాలి?

టవరు దూరమై సిగ్నల్ బలహీనమైతే, మాట వినిపించడానికి ఫోను తన శక్తిని పెంచుకుంటుంది. అంటే టవరును తరిమేస్తే చెవి దగ్గరి తరంగాలు తగ్గవు సరికదా, పెరుగుతాయి! తగ్గించుకోవాలనుకుంటే సిగ్నల్ బాగున్నచోట మాట్లాడండి, ఇయర్‌ఫోన్ వాడండి.

తలనొప్పి విడవకుండా వేధిస్తున్నా, దానితో వాంతులు, ఫిట్స్ వస్తున్నా ఫోనును తిట్టి ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ఫోను చూస్తూ చార్మినార్ దగ్గర రోడ్డు దాటడం మాత్రం నిజంగానే ప్రాణాంతకం. దానికి ఏ పరిశోధనా అక్కర్లేదు!

ఇకమీదట ఎవరైనా "ఫలానా ఆయనకు ఫోను వల్లే వచ్చింది" అంటే రెండు ప్రశ్నలు అడగండి: వాడినవారిలో ఎందరికి వచ్చింది? వాడనివారిలో ఎందరికి వచ్చింది?