పాత గీజర్ పాడైందా? కొత్తది కొనే ముందు తెలుసుకోవాల్సినవి

జనవరి నెల, తెల్లవారుజాము. ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. తాతగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో మొత్తం ఆరుగురు. స్నానాల గదిలో గీజర్ అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొత్తది కొందామని దుకాణానికి వెళితే ఒకదాని మీద ఐదు నక్షత్రాలు, మరొకదాని మీద ఎనిమిది బార్లు, ఇంకొకదాని మీద మూడు కిలోవాట్లు అని రాసి ఉంది. వీటిలో ఏది చూసి కొనాలి?

ఈ ప్రశ్నకు సగం జవాబు తాతగారికి తెలిసే ఉంటుంది. విజయనగరం, విశాఖపట్నం మీదుగా సాగే తూర్పు తీర రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ దారి వెంబడే ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం ఖరగ్‌పూర్ చేరాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వే మనుషులకు బాగా తెలిసిన వస్తువు బాయిలర్. మూసి ఉన్న పాత్రలో నీటిని వేడి చేస్తే ఏమవుతుందో దానికన్నా బాగా చెప్పేది లేదు. గీజర్ కూడా మూసి ఉన్న పాత్రే.

ముందు పాతది ఎందుకు పోయిందో చూడాలి

నీళ్ళు వేడెక్కకపోతే హీటింగ్ ఎలిమెంటో, థర్మోస్టాటో పోయి ఉండవచ్చు. ఈ రెండూ మార్చుకోదగ్గ భాగాలే. వాటి కోసం గీజర్ మొత్తాన్ని పారేయనవసరం లేదు. లోపలి ట్యాంకుకే చిల్లు పడితే మాత్రం కొత్తది కొనాల్సిందే.

ట్యాంకు పాడవడానికి ముఖ్య కారణం నీరే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలాన్ని కాచినప్పుడు అవి తెల్లటి పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని సరిగా పోనివ్వదు. ఎలిమెంటు తన వేడిని నీటికి అందించలేక తానే మాడిపోతుంది. ఆవిరి ఇంజన్ల బాయిలర్లను షెడ్డుల్లో క్రమం తప్పకుండా కడిగేది ఈ పొర కోసమే. ఖరగ్‌పూర్ నేల ఎర్రటి లేటరైట్ నేల, అందులో ఇనుము ఎక్కువ. మీ ఇంటి నీటి గుణం తెలుసుకోవాలంటే ఒక బకెట్ నీళ్ళు రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున ఎర్రటి మడ్డి చేరితే నీటిలో ఇనుము ఉన్నట్టు. నీళ్ళు కాచే గిన్నె లోపల తెల్లటి పొర కడుతుంటే అది కఠిన జలం.

చాలా గీజర్లలో ఉక్కు ట్యాంకు లోపల గాజులాంటి పూత ఉంటుంది. పూతలో ఎక్కడైనా సన్నని పగులు ఉంటే అక్కడ తుప్పు మొదలవుతుంది. దాన్ని ఆపడానికి లోపల ఒక మెగ్నీషియం కడ్డీ అమరుస్తారు. మెగ్నీషియం ఇనుము కన్నా తేలికగా ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. అందుకే అది తాను కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. కడ్డీ పూర్తిగా కరిగిపోయాక తుప్పు వంతు ట్యాంకుది. ఏడాదికో రెండేళ్ళకో కడ్డీని చూపించి, అరిగిపోతే మార్పించుకోవాలి. కొనేటప్పుడే ఈ కడ్డీ మీ ఊళ్ళో దొరుకుతుందా, మార్చే మనిషి ఉన్నాడా అని అడగండి. గీజర్ ఎన్నేళ్ళు మన్నుతుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎన్ని లీటర్లు కావాలి?

ఒక చిన్న లెక్క చూద్దాం. చలికాలంలో కుళాయి నీరు 20 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. ఆరుగురికి తలా 18 లీటర్ల చొప్పున 108 లీటర్లు కావాలి. అంత నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు పడుతుంది. పెద్ద గీజర్ కొన్నా చిన్నది కొన్నా ఈ లెక్క మారదు. ఎలిమెంటు ఇచ్చే వేడి దాదాపు మొత్తం నీటికే చేరుతుంది కాబట్టి ఒక కంపెనీది ఎక్కువ, మరొకదానిది తక్కువ అనడానికి ఇక్కడ పెద్దగా తావు లేదు.

మారేది సమయం. 15 లీటర్ల గీజర్‌లో నీళ్ళు 60 డిగ్రీలకు చేరాక, అంతే చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 30 లీటర్లు వస్తాయి. అంటే బకెట్టున్నర. రెండు కిలోవాట్ల ఎలిమెంటుకు ఇందుకు 20 నిమిషాల పైచిలుకు పడుతుంది. 25 లీటర్లదైతే 50 లీటర్లు ఒకేసారి దొరుకుతాయి గానీ 35 నిమిషాలు ఆగాలి. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నిమిషానికి రెండు లీటర్ల చిల్లర మాత్రమే ఇవ్వగలదు. బకెట్ నిండడానికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. గిన్నెలు కడగడానికి అది సరిపోతుంది. బడికీ ఆఫీసుకూ ఒకేసారి బయల్దేరే ఆరుగురికి 25 లీటర్లదే నయం.

నక్షత్రాలు, బార్లు ఏం చెబుతాయి?

గీజర్ మీది నక్షత్రాలు దేనికో చాలామందికి తెలియదు. వేడి నీటిని అలాగే ఉంచితే 24 గంటల్లో ఎంత వేడి బయటికి పోతుందన్నదే వాటికి కొలమానం. రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇంట్లో ఐదు నక్షత్రాలు బాగా ఆదా చేస్తాయి. పొద్దున గంటసేపు వాడి ఆపేసే ఇంట్లో ఆ తేడా తక్కువే.

బార్ అన్నది ఒత్తిడికి కొలత. నీటి ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కుళాయి దగ్గర ఒత్తిడి సుమారు ఒక బార్. ఒక అంతస్తు ఇంట్లో అది అందులో సగం కూడా ఉండదు. ఎనిమిది బార్ల గీజర్ అవసరపడేది ఎత్తైన అపార్టుమెంట్లకు, ప్రెషర్ పంపు ఉన్న ఇళ్ళకు.

తప్పనిసరిగా చూడాల్సింది ఐఎస్‌ఐ గుర్తు. నీటిని నిల్వ చేసే విద్యుత్ గీజర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 2082.

ప్రాణాలు కాపాడే మూడు భాగాలు

నీరు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తుంది. 15 లీటర్లకు అది దాదాపు గ్లాసుడు నీళ్ళు. ఆ గ్లాసుడు నీళ్ళకు చోటు లేకపోతే ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. పైగా ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. ట్యాంకు పగిలిందంటే అందులో కొంత నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది.

అందుకే గీజర్‌లో మూడు కాపలాలు ఉంటాయి. కావలసిన వేడి రాగానే కరెంటు ఆపేది థర్మోస్టాట్. అది పాడైతే అడ్డుకునేది థర్మల్ కటౌట్. అదీ విఫలమైతే ఒత్తిడిని బయటికి వదిలేది సేఫ్టీ వాల్వ్. ఆవిరి ఇంజన్‌లోనూ ఇదే ఏర్పాటు. సేఫ్టీ వాల్వ్‌తో పాటు, కొలిమి పైకప్పులో సీసంతో నింపిన ఒక ప్లగ్ ఉండేది. నీటి మట్టం ప్రమాదకరంగా తగ్గితే అది కరిగి, ఆవిరి కొలిమిలోకి దూకి మంటను అణచి, డ్రైవర్‌ను హెచ్చరించేది.

నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు కారితే అది లోపం కాదు, వాల్వ్ పనిచేస్తోందని అర్థం. ఆ రంధ్రాన్ని ఎప్పుడూ మూయకూడదు. కటౌట్ పదేపదే పడిపోతుంటే దాన్ని తీసేసి నేరుగా కలిపేవాళ్ళున్నారు. అది ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

గ్యాస్ గీజర్ అయితే

మన పాత రాగి బాయిలర్ గుర్తుందా? మధ్య గొట్టంలో బొగ్గులు వేసి, పైన గరాటులో చన్నీళ్ళు పోస్తే కుళాయి నుంచి వేణ్ణీళ్ళు వచ్చేవి. పైన తెరిచే ఉంటుంది కాబట్టి పేలే భయం లేదు. దాన్ని పెరట్లో పెట్టడం కూడా తెలివైన పనే. మూసిన గదిలో ఇంధనం మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటివ్వదు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. అందుకే గ్యాస్ గీజర్‌ను స్నానాల గది బయట, గాలి ఆడే చోటే అమర్చాలి.

బిగించే రోజు

రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు, మూడు కిలోవాట్లది పదమూడు ఆంపియర్లు లాగుతుంది. ఆరు ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల సాకెట్టు, అందుకు తగిన మందం వైరు ఉండాలి. పాత ఇళ్ళలో ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే, కరెంటు లీకైన మరుక్షణమే సరఫరా ఆగిపోతుంది. ట్యాంకు నీటితో నిండిందని కుళాయి తిప్పి చూశాకే మొదటిసారి స్విచ్ వేయాలి.

ఆరుగురున్న ఆ ఇంటికి 25 లీటర్ల ఐఎస్‌ఐ గీజర్ సరిపోతుంది. మిగిలే డబ్బుతో ఎర్తింగ్ బాగు చేయించి, ఆర్‌సీసీబీ పెట్టించి, మెగ్నీషియం కడ్డీ ఎప్పుడు చూపించాలో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. గోడకు బిగించాక బయటికి కనిపించేది తెల్లటి డబ్బా, ఒక ఎర్ర దీపం మాత్రమే. ఆ క్యాలెండర్ చూసే పని మాత్రం తాతగారికే అప్పగించవచ్చు. బాయిలర్‌కు క్రమం తప్పని తనిఖీ ఎంత అవసరమో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.