ఒక్క వీధిదీపం.. ఎన్ని సంతకాలు?

సెలవులకు ఊరెళ్లారు. ఇంటిముందు స్తంభానికున్న దీపం పది రోజులుగా వెలగట్లేదు. 'ఆ సర్పంచ్‌కి ఓ మాట చెప్పి రావొచ్చు కదా' అంటుంది అమ్మ. మీరేమో పాలిటీ పుస్తకం ముందేసుకుని '73వ సవరణ, 243-జి, 11వ షెడ్యూలు, 29 అంశాలు' అని వల్లె వేస్తుంటారు. ఆ 29 అంశాల్లో గ్రామీణ విద్యుదీకరణ ఉంది, తాగునీరు ఉంది, పారిశుద్ధ్యం ఉంది, చిట్టచివర ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణా ఉంది. అవన్నీ మీకు వచ్చు. ఆ దీపం ఎవరు మార్చాలో, డబ్బు ఎక్కడిదో మాత్రం తెలీదు.

మీరనే కాదు, నేనూ అంతే. డిగ్రీ అయిన కొత్తలో ఓ ఇంటర్వ్యూకి వెళ్లాను. పంచాయతీరాజ్ మీదే ప్రశ్నలు. బల్వంత్‌రాయ్ మెహతా, అశోక్ మెహతా కమిటీలు.. గడగడా చెప్పేశాను. చివర్లో ఓ పెద్దాయన నెమ్మదిగా 'మీ ఊరి పంచాయతీకి ఏడాదికి ఇంటిపన్ను ఎంతొస్తుంది బాబూ?' అన్నారు. నోరు పెగల్లేదు. 'పోనీ, కరెంటు బిల్లు ఎంత కడుతుంది?' అన్నారు. అదీ తెలీదు. ఉద్యోగం రాలేదు. ఈ ప్రశ్నల వల్లే పోయిందని చెప్పలేను కానీ, బస్సెక్కి ఊరొచ్చేదాకా అవే బుర్రలో తిరిగాయి.

అందుకే ఈవారం పుస్తకం పక్కన పెట్టి ఆ దీపం వెంటే నడుద్దాం. తెలంగాణ పంచాయతీని ఉదాహరణగా తీసుకుందాం. ఏపీలో చట్టం వేరు, పోస్టుల పేర్లు వేరు. అయినా డబ్బు కట్టుబాట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి.

దీపం నుంచి చెక్కు దాకా

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. ప్రతి పంచాయతీలో స్థాయీ సంఘాలు, అంటే స్టాండింగ్ కమిటీలు ఉండాలంది. పారిశుద్ధ్యం, డంపింగ్ యార్డు ఒకరికి. వీధిదీపాలు ఇంకొకరికి. మొక్కలు, పచ్చదనం మరొకరికి. అభివృద్ధి పనులు వేరొకరికి. ఊరి పనులన్నీ సర్పంచ్ ఒక్కరి నెత్తిన పడకుండా వార్డు సభ్యులు, గ్రామస్థులు తలా కొంత పంచుకోవాలన్నది ఆలోచన.

ఒక విషయం గుర్తుంచుకోండి. కమిటీ చేతిలో డబ్బుండదు. చూడటం, చెప్పటం, వెంటపడటం.. ఈ మూడే దాని పని. దీపం ఆరిందని మీ వార్డు సభ్యుడికి చెప్పారనుకోండి. ఆయన కమిటీలోనో, నేరుగా పంచాయతీ కార్యదర్శికో చెబుతారు. కార్యదర్శి స్టాక్ రిజిస్టరు తీస్తారు. బల్బు ఉంటే ఆ రోజే పంచాయతీ సిబ్బంది స్తంభమెక్కుతారు, కథ అక్కడితో కంచికి. లేదంటే కొనాలి. కొనాలంటే పాలకవర్గం ఆమోదం కావాలి. నెలకోసారైనా జరగాల్సిన సమావేశంలో తీర్మానం రాయాలి. తర్వాత దుకాణం బిల్లు, వోచరు, చెక్కు. ఆ చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం చేయాలి.

ఈ జాయింట్ చెక్‌పవర్ దగ్గర కాసేపు ఆగుదాం. సర్పంచ్‌ని ఊరంతా ఓట్లేసి ఎన్నుకుంటుంది. ఉపసర్పంచ్‌ని వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. ఇద్దరూ చెరో వర్గం వాళ్లయితే? సర్పంచ్ పని చేయించారు, ఉపసర్పంచ్ 'నన్నడిగారా?' అని సంతకం పెట్టరు. పండక్కి పలకరించలేదన్న కోపమూ కొన్నిసార్లు అందులో కలిసి ఉంటుంది. ఇలాంటి తగాదాల్లో చెక్కుబుక్కు బీరువాలోనే పడుకుంటుంది. మధ్యలో నలిగేది కార్యదర్శి. ఒక్కరి చేతిలో ఖజానా ఉండకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇద్దరి మధ్య మాట కలపడం ఏ సిలబస్‌లోనూ ఉండదు. అది ఉద్యోగంలో చేరాక నేర్చుకునేదే.

చెక్కు రాసినంత మాత్రాన డబ్బు చేతికొచ్చేసిందనుకోకండి. అది ట్రెజరీకి వెళ్లాలి, అక్కడ పాసవ్వాలి. పని మోరీ కట్టడమో (కోస్తా మిత్రులకు మురుగుకాల్వ), సీసీ రోడ్డు వేయడమో అయితే దారి ఇంకా పొడవు. పంచాయతీరాజ్ ఏఈ వచ్చి కొలతలు చూసి అంచనా వేయాలి. మంజూరు రావాలి. పనయ్యాక మళ్లీ కొలిచి ఎంబీ, అంటే కొలతల పుస్తకంలో రాయాలి. ఎంబీలో ఎక్కని పనికి బిల్లుండదు. అప్పులు తెచ్చి పనులు చేయించి, బిల్లుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన సర్పంచ్‌ల కథలు మీరూ ఈ పత్రికలో చదివే ఉంటారు.

వీధిదీపాల గురించి ఇంకో చిన్న ముచ్చట. చాలా ఊళ్లలో పట్టపగలు కూడా దీపాలు వెలుగుతూ కనిపించేవి. అది నిర్లక్ష్యమని తిట్టుకుంటాం. అసలు కారణం వేరే ఉండేది. వీధిదీపాలకు విడిగా తీగ, స్విచ్చు లేకపోతే, ఊళ్లో కరెంటు ఉన్నంతసేపూ అవీ వెలుగుతూనే ఉంటాయి. అందుకే 'పల్లె ప్రగతి'లో మూడో తీగ లాగడం, మీటర్లు పెట్టడం ఒక పనిగా పెట్టుకున్నారు. పంచాయతీ ఖర్చులో కరెంటు బిల్లు పెద్ద పద్దు. వీధిదీపాలవి, తాగునీటి మోటార్లవి కలిపితే చిన్న ఊళ్లకు ఇంటిపన్ను దానికే చాలదు.

ముడి వేసిన డబ్బు

'నిధులున్నాయట, మరి మా రోడ్డెందుకు వేయరు?' ఇది గ్రామసభలో తరచూ వినబడే ప్రశ్న. జవాబు ఆ నిధుల రంగులో ఉంటుంది.

15వ ఆర్థిక సంఘం గ్రాంట్లనే చూడండి. 2021-22 నుంచి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చే మొత్తంలో 60 శాతం ముడి వేసి ఇచ్చారు. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ లాంటి వాటికి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. అయితే జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. మీ ఊరికి 10 లక్షలు వచ్చాయనుకుందాం. 3 లక్షలు చెత్తకు, మురుగుకు. 3 లక్షలు నీళ్లకు. రోడ్డు కోసం చేయి పెట్టగలిగేది 4 లక్షల్లోనే. ఆ 4 లక్షల కోసమే ప్రతి వార్డు సభ్యుడూ తన వీధి గురించి గట్టిగా మాట్లాడతాడు. ఎవరి వీధి ముందు, ఎవరిది వెనక? కమిటీ సమావేశాల్లో అసలు రాజకీయం అక్కడే నడుస్తుంది.

ఇక ఇంటిపన్ను, నల్లా బిల్లు, సంత వేలం లాంటివి ఊరి సొంత ఆదాయం. వీటికి అంత ముడి ఉండదు. పన్నులు బాగా వసూలయ్యే ఊరికి మాట చెల్లుతుంది, మిగతా ఊళ్లు గ్రాంటు కోసం చూస్తూ కూర్చుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా కార్యదర్శులు రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగేది అందుకే.

కమిటీ లేకపోతే ఏమవుతుంది?

'ఈ సభ్యులూ, కమిటీలూ లేకపోతే ఏం? అధికారులే చూసుకోవచ్చుగా' అనిపిస్తుంది కొందరికి. తెలంగాణ పల్లెలు అదీ చూశాయి. పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారులు వచ్చారు. మండలంలో వేరే ఉద్యోగం చేస్తున్న అధికారికే కొన్ని ఊళ్లు అప్పగించారు. ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంట్లు రావు, అది కేంద్రం నిబంధన. కాబట్టి ఆ కాలంలో చాలా పంచాయతీల ఖాతాలు ఎండిపోయాయి. చెత్త మాత్రం ఆగదు కదా. ట్రాక్టర్‌లో డీజిల్ పోయాలి, మోటారు కాలిపోతే బాగుచేయించాలి. సొంత జేబులోంచి పెట్టి నడిపిస్తున్నామని కార్యదర్శులు మొత్తుకున్నారు.

మీరు కోరుకుంటున్న ఉద్యోగం ఇదే. 'పంచాయతీ సెక్రటరీ అంటే సొంత జిల్లాలో హాయిగా ఉండొచ్చు' అనుకుని దరఖాస్తు చేసేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వచ్చింది. డిగ్రీ ఉంటే చాలు. 2019లో ఉద్యోగాల్లో చేరినవాళ్లకు మొదట్లో నెలకు 15 వేలు. ఆ తర్వాత 28,719 రూపాయలు. ప్రొబేషన్ మూడేళ్లన్నది నాలుగేళ్లయింది. 2023లో సమ్మె చేశారు, ఆ ఏడాదే క్రమబద్ధీకరణ మొదలైంది. పొద్దున్నే ఊళ్లో ఉండాలి. సఫాయి కార్మికులు వచ్చారా, మోరీలు తీశారా చూసి ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టమే చెప్పింది, ఎండిపోతే సంజాయిషీ ఇవ్వాల్సినవాళ్లలో కార్యదర్శి ఒకరు. పుట్టిన సర్టిఫికెట్లు, చనిపోయిన సర్టిఫికెట్లు, ఇళ్ల అనుమతులు, సర్వేలు సరేసరి. అయినా, పాతికేళ్ల వయసులో ఓ ఊరి నీళ్లు, వెలుతురు మీ చేతిమీదుగా నడవడం చిన్న విషయం కాదు. ఆ తృప్తి గురించి ఆ ఉద్యోగంలో ఉన్న స్నేహితులు చెబితే విన్నాను. పక్కనే తిట్లూ విన్నాను.

కేబుల్ టీవీకీ ఓ కమిటీ!

ఇవన్నీ కాగితాల మీదేనా అని మీకు అనుమానం రావచ్చు. చాలా ఊళ్లలో అంతే, దాచేదేముంది. కమిటీ ఉందని అందులోని సభ్యులకే తెలియని ఊళ్లున్నాయి. కానీ వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి సంగతి చూడండి. ఒకప్పుడు పక్క పంచాయతీలో శివారు పల్లె. 1994లో సొంత పంచాయతీ అయింది. 2018 చట్టం రాకముందే అక్కడ నీళ్లకో కమిటీ, ఆరోగ్యానికో కమిటీ, చదువుకో కమిటీ, ఆఖరికి కేబుల్ టీవీకీ ఓ కమిటీ. బాలవికాస సంస్థ తోడుతో తాగునీటి పథకం కట్టుకున్నప్పుడు గ్రామస్థులూ తలా కొంత వేసుకున్నారు. తమ డబ్బు పెట్టారు కాబట్టి ట్యాంకు ఎవరు శుభ్రం చేస్తున్నారో తామే చూసుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. 2015 ఆగస్టులో 'గ్రామజ్యోతి' కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం అక్కడే మొదలుపెట్టింది. అభ్యర్థులు ఈ ఊరి పేరును 'ఆదర్శ గ్రామం' అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తారు. కమిటీల సంగతి, చందా సంగతి కూడా రాస్తే జవాబుకు బరువొస్తుంది.

పట్టణంలో ఉన్నారా? మీకూ అవకాశం ఉంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది. యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఒక్కొక్కటి. ఒక్కో దాంట్లో 15 మంది. మీ వార్డు యువజన కమిటీలో ఎవరున్నారో ఎప్పుడైనా అడిగారా? పేర్లు చూస్తే మీ క్లాస్‌మేట్ ఉన్నా ఉండొచ్చు.

ఇప్పుడు ఏం చేయాలి?

ముందు ఫోన్ తీయండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే మీ పంచాయతీ ప్రణాళిక, వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు కనిపిస్తాయి. పనుల పేర్లు చదివి సాయంత్రం అలా నడుచుకుంటూ వెళ్లి చూడండి. కాగితంలో ఉన్న మోరీ నేలమీద ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే గొడవకు దిగిపోకండి, ముందు అడగండి. కొన్నిసార్లు పని మొదలుకాలేదంతే, కొన్నిసార్లు పేరు తప్పు పడి ఉంటుంది.

తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకోసారైనా జరగాలి. అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాది ప్రణాళిక కోసం దేశమంతా గ్రామసభలు పెడతారు. వెళ్లి వెనక వరసలో కూర్చున్నా ఫర్వాలేదు. ఓటరైతే మాట్లాడే హక్కు మీకూ ఉంది.

గ్రూప్-1లో ఎంపీడీవో, జిల్లా పంచాయతీ అధికారి పోస్టులు, గ్రూప్-2లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ పోస్టులు ఈ పనులన్నిటినీ పైనుంచి చూసేవే. ఏపీలో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇంజినీరింగ్ అసిస్టెంట్, కంప్యూటర్ చదువుల వాళ్లకు డిజిటల్ అసిస్టెంట్ లాంటి కొలువులు వచ్చాయి. సర్కారు కొలువే కావాలని లేనివాళ్లు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో పీజీ డిప్లొమా గురించి ఆరా తీయండి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేయాలనుకునేవాళ్లకు అది ఉపయోగపడుతుంది.

ఇంకో మాట. మీ ఊళ్లో ఉన్నది కొత్త పాలకవర్గమైతే వాళ్లలో చాలామందికి తీర్మానం రాయడం, పోర్టల్ చూడటం ఇంకా అలవాటు కాలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఓ గంట సాయం చేస్తానంటే కాదనేవాళ్లు తక్కువ. కార్యదర్శి దగ్గర తీర్మానాల పుస్తకం అడిగి గత మూడు నెలల పేజీలు చదవండి. మీ వీధి దీపం సంగతి అందులో రాసుందో లేదో చూసి, లేకపోతే వచ్చే సమావేశం తేదీ కనుక్కుని రండి.