పేరు మార్చినంత మాత్రాన బొమ్మ మారదు

మా బాబాయ్‌ది చిన్న జిరాక్స్ షాపు. అందులోనే రెండు కంప్యూటర్లతో నెట్ సెంటర్. నోటిఫికేషన్ పడిందంటే చాలు, దరఖాస్తులు నింపించుకోవడానికి పిల్లలు బారులు తీరతారు. ఫోటో ఇన్ని కేబీల లోపే ఉండాలి, సంతకం అంతకంటే తక్కువ ఉండాలి, జేపీజీయే కావాలి అంటూ ఒక్కో ఫారానిది ఒక్కో షరతు. ఆయన అవస్థ చూడలేక, ఫోటోను కత్తిరించి, తగ్గించి, సేవ్ చేసే బుల్లి ప్రోగ్రాం ఒకటి క్యూట్‌లో రాసిచ్చాను. రెండు రోజుల పని అనుకున్నాను. రెండు నెలల పాటు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కింద రాసిన అపోహల్లో కొన్ని షాపుకొచ్చేవాళ్లవి, ఎక్కువ భాగం నావే.

క్యూట్ తెలియనివాళ్లకు ఒక్క మాట. నార్వేలోని ట్రోల్‌టెక్ అనే సంస్థ 1995లో బయటికి తెచ్చిన టూల్‌కిట్ ఇది. సీ ప్లస్ ప్లస్‌లో ఒకసారి రాసుకుంటే విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ కంపైల్ చేసుకోవచ్చు. పేరులో ఉన్నవి రెండే ఇంగ్లిష్ అక్షరాలు కాబట్టి మనవాళ్లు 'క్యూటీ' అంటారు. పుట్టించినవాళ్లు మాత్రం 'క్యూట్' అనే పలికారు.

అపోహ: ఫైలు పేరు చివర జేపీజీ అని మారిస్తే అది జేపీజీ అయిపోతుంది

షాపులో రోజూ వినే మాట ఇది. "అన్నా, నేనే మార్చేశాను, ఇప్పుడిది జేపీజీయే" అంటాడు కుర్రాడు. మార్చింది పేరును. లోపలి బైట్లు ఉన్నచోటే ఉన్నాయి.

దాదాపు ప్రతి బొమ్మ ఫైలూ మొదటి కొన్ని బైట్లలోనే తానెవరో చెప్పుకుంటుంది. జేపెగ్ అయితే 255, 216, 255 అని మొదలవుతుంది. 1996లో వచ్చిన పీఎన్‌జీ మొదట్లో ఎనిమిది బైట్లుంటాయి: 137, 80, 78, 71, 13, 10, 26, 10. వీటిని ఊరికే పెట్టలేదు. 80, 78, 71 అంటే పీ, ఎన్, జీ అక్షరాలు. వాటి ముందున్న 137కి ఏడు బిట్లు చాలవు, ఎనిమిదో బిట్టు కావాలి. పాతకాలపు లైన్లలో ఎనిమిదో బిట్టు ఊడిపోతే అక్కడే దొరికిపోతుంది. 13, 10 జంట కొత్త వరసకు గుర్తు. ఫైలును మామూలు టెక్స్ట్ అనుకుని ఎవరైనా పంపించి ఉంటే ఈ జంట చెదిరిపోతుంది, చదివే ప్రోగ్రాంకు తెలిసిపోతుంది. 26 పెట్టింది డాస్ కోసం. ఎవరైనా ఈ ఫైలును 'టైప్' కమాండ్‌తో తెర మీద చూడబోతే చెత్తంతా పారకుండా అక్కడితో ఆగుతుంది. ఎనిమిది బైట్లలో ఇంత ముందుచూపు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

లోడ్ చేసేటప్పుడు క్యూట్ పేరు చివరి అక్షరాలనూ చూస్తుంది, లోపలి బైట్లనూ చూడగలదు. పేరొకటీ సరుకొకటీ అయితే కొన్నిసార్లు 'నాట్ ఏ పీఎన్‌జీ ఫైల్' లాంటి సందేశం కన్సోల్‌లో కనబడి బొమ్మ రాదు. పేరును పక్కనపెట్టి లోపలున్నదాన్నే నమ్మమని చెప్పాలంటే, క్యూట్‌లో బొమ్మ ఫైళ్లను చదివే క్యూఇమేజ్‌రీడర్‌లో 'సెట్ డిసైడ్ ఫార్మాట్ ఫ్రమ్ కంటెంట్' అనే ఏర్పాటుంది. బయటివాళ్ల ఫైళ్లు తీసుకునే ప్రోగ్రాం ఏదైనా దీన్ని ఆన్ చేసుకోవాలని నా అభిప్రాయం.

సేవ్ చేసేటప్పుడు సంగతి తిరగబడుతుంది. ఫార్మాట్ విడిగా చెప్పకపోతే, మీరిచ్చిన పేరు చివర ఏముందో చూసి క్యూట్ అలాగే రాస్తుంది. అంటే పేరు మార్చడం వల్ల బొమ్మ మారేది ఇక్కడొక్కచోటే, అదీ కొత్తగా రాస్తోంది కాబట్టి.

అపోహ: ఫైలు నాలుగు ఎంబీ అయితే మెమరీలోనూ నాలుగు ఎంబీయే

పెట్టెలో మడతపెట్టిన చీర వేరు, దండెం మీద పరిచిన చీర వేరు. 4000 × 3000 పిక్సెళ్ల ఫోన్ ఫోటో కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. క్యూట్ బొమ్మను మెమరీలో పరిచిపెట్టుకునే క్యూఇమేజ్‌లో మామూలుగా పిక్సెల్‌కు నాలుగు బైట్లు. అంటే 4 కోట్ల 80 లక్షల బైట్లు. ఫైలు నాలుగు ఎంబీ ఉన్నా రెండు ఎంబీ ఉన్నా పరిచాక ఇంతే.

ఏ4 కాగితాన్ని 1200 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే సుమారు 9,900 × 14,000 పిక్సెళ్లు, పరిస్తే 550 ఎంబీకి పైనే. క్యూట్ 6 నుంచి దీనికొక హద్దు పెట్టారు, ఇప్పటి వెర్షన్లలో అది 256 ఎంబీ. దాటితే బొమ్మ తెరవనంటుంది. ఫైలు పాడైపోయిందనుకుని మళ్లీ స్కాన్ చేయించినవాళ్లున్నారు. బుల్లి ఫైలులో కొండంత బొమ్మను కుక్కి పంపి మెమరీ మింగేసే దొంగ ఎత్తులున్నాయి కాబట్టి ఆ కాపలా. నిజంగా పెద్ద బొమ్మలే కావాలంటే హద్దు పెంచుకోవచ్చు.

చిన్న థంబ్‌నెయిల్ చాలనుకుంటే అంతా పరవక్కర్లేదు. రీడర్‌కు ముందే 'సెట్ స్కేల్డ్ సైజ్'తో కొలత చెబితే, జేపెగ్ అయితే విప్పేటప్పుడే సగానికో, నాలుగో వంతుకో, ఎనిమిదో వంతుకో తగ్గించి విప్పుతుంది. వంద ఫోటోల ఫోల్డర్ తెరిచేటప్పుడు తేడా కళ్లకు కనబడుతుంది.

అపోహ: తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ చేస్తే కాపీ చేసినట్టే

జేపెగ్‌ను లోడ్ చేయడమంటే విప్పడం, సేవ్ చేయడమంటే మళ్లీ కొత్తగా కుదించడం. కుదించిన ప్రతిసారీ 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. క్యూట్‌లో క్వాలిటీ అంకె ఇవ్వకపోతే జేపెగ్‌కు 75 తీసుకుంటుంది. కెమెరా అంతకంటే ఎక్కువ నాణ్యతతో తీసిన ఫోటోను మీరు ఊరికే తెరిచి సేవ్ చేసినా దిగిపోయినట్టే. పోయినదాన్ని 100 పెట్టి సేవ్ చేసి వెనక్కి తెచ్చుకోలేం. పీఎన్‌జీగా మార్చినా రాదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది.

ఇంకొకటి కూడా పోతుంది. ఫోన్ రాసిపెట్టిన ఎగ్జిఫ్ వివరాలు, అంటే తీసిన తేదీ, కెమెరా పేరు, తీసిన చోటు, క్యూఇమేజ్ మీదుగా వెళ్లి కొత్త ఫైలులోకి రావు. దరఖాస్తు ఫోటోకు అది మంచిదే, ఇంటి చిరునామా అంటుకుని పోదు. పెళ్లి ఫోటోల ఆల్బమ్‌ను సర్దే ప్రోగ్రాంకైతే నష్టం.

పీఎన్‌జీ దగ్గర క్వాలిటీ అంకెకు అర్థమే వేరు. పీఎన్‌జీలో ఏ వివరమూ పోదు, కాబట్టి ఆ అంకె చెప్పేది ఎంత గట్టిగా నొక్కాలన్నది మాత్రమే. 100 అంటే అసలు నొక్కొద్దని. నాణ్యంగా ఉంటుంది కదా అని నేను 100 పెట్టాను. బొమ్మలో రవ్వంత తేడా లేదు, ఫైళ్లు మాత్రం బీఎంపీలంత అయ్యాయి.

మరి 50 కేబీ లోపు జేపెగ్ ఎలా? ఏ క్వాలిటీకి ఎన్ని కేబీలవుతుందో ముందు చెప్పే సూత్రం లేదు, బొమ్మను బట్టి ఉంటుంది. గళ్ల చొక్కా వేసుకున్నవాడి ఫోటో తెల్ల చొక్కావాడి ఫోటో కంటే బరువు. నేను చేసింది ఇదీ: డిస్క్ మీద కాకుండా క్యూబఫర్ లోకి, అంటే మెమరీలోకే సేవ్ చేసి, ఎంతయిందో కొలిచి, ఎక్కువైతే క్వాలిటీ తగ్గించి మళ్లీ సేవ్ చేయడం. ప్రతిసారీ మూల బొమ్మ నుంచే. ముందు తగ్గించినదాన్ని మళ్లీ తగ్గిస్తే ముఖం గళ్లుగళ్లుగా తేలుతుంది.

అపోహ: వెనక ఏమీ లేకపోతే తెల్లగా వస్తుంది

ఒకమ్మాయి సంతకాన్ని ఫోన్‌లోనే బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పీఎన్‌జీగా పంపింది. తెర మీద చక్కగా ఉంది. జేపీజీగా సేవ్ చేశాక చూస్తే నల్లటి పలక. జేపెగ్‌లో పారదర్శకత అన్న ఊసే లేదు. కనబడని పిక్సెళ్లలో కూడా ఏదో ఒక రంగు అంకె ఉంటుంది, చాలాసార్లు అది సున్నా, అంటే నలుపు. పారదర్శకత పోయేసరికి ఆ నలుపు బయటపడింది. నల్ల ఇంకు నల్ల కాగితంలో కలిసిపోయింది.

ఇలా కాకూడదంటే, ముందుగా అదే కొలతతో ఇంకో క్యూఇమేజ్ తీసుకుని, 'ఫిల్'తో తెల్లరంగు నింపి, దాని మీద సంతకాన్ని క్యూపెయింటర్‌తో వేసి, దాన్ని సేవ్ చేయాలి. ఫిల్ చేయడం మరిచిపోతే ఇంకో చిక్కు. కొత్త క్యూఇమేజ్ ఖాళీ కాగితం కాదు, మెమరీలో అంతకుముందు ఏముంటే అదే ఉంటుంది.

అపోహ: ఫోటో అడ్డంగా పడుకుంటే తప్పు ఫోన్‌ది

ఫోన్ నిలువుగా పట్టుకున్నా సెన్సర్ అడ్డంగానే ఉంటుంది. పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టు రాసి, పక్కన 'ఓరియెంటేషన్' అని 1 నుంచి 8 దాకా ఒక అంకె వేస్తుంది. 6 అంటే కుడివైపుకు 90 డిగ్రీలు తిప్పి చూపించమని. గ్యాలరీ ఆ మాట వింటుంది. క్యూఇమేజ్‌తో నేరుగా లోడ్ చేస్తే వినదు. క్యూఇమేజ్‌రీడర్‌లో 'సెట్ ఆటో ట్రాన్స్‌ఫామ్'ను ఆన్ చేయాలి, మనం చెప్పకపోతే అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఒక్క లైను. ఆ లైను రాసేదాకా బాబాయ్ ప్రతి ఫోటోనూ చేత్తో తిప్పుకున్నాడు.

అపోహ: ఒక వరసలో బైట్లంటే వెడల్పు ఇంటూ మూడే

వెబ్‌క్యామ్ బొమ్మలు 640 పిక్సెళ్ల వెడల్పు. పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన వరసకు 1920. నా కోడ్ బంగారంలా నడిచింది. పాస్‌పోర్ట్ సైజు, అంటే 3.5 × 4.5 సెంటీమీటర్లు 300 డీపీఐ లెక్కన 413 × 531 పిక్సెళ్లకు కత్తిరించి ఆ బైట్లను క్యూఇమేజ్‌కు ఇచ్చేసరికి ముఖం ఏటవాలుగా జారిపోయింది, ముఖమంతా ఎరుపు, పచ్చ, నీలం గీతలు.

413 ఇంటూ మూడు 1239. విడిగా చెప్పకపోతే, ప్రతి వరసా నాలుగు బైట్ల హద్దు మీద మొదలవుతుందని క్యూఇమేజ్ అనుకుంటుంది, కాబట్టి వరసకు 1240 బైట్లు లెక్క కడుతుంది. నా డేటాలో ఆ ఒక్క బైటు లేదు. వరసకొక బైటు చొప్పున జారుతూ, కింది వరసకొచ్చేసరికి 530 బైట్లు, అంటే దాదాపు 177 పిక్సెళ్లు పక్కకు పోయింది. వరసకొక బైటు జారితే ఎరుపు చోటికి పచ్చ, పచ్చ చోటికి నీలం వస్తాయి, గీతలు అందుకే. 1920 నాలుగుతో భాగింపబడుతుంది కాబట్టి వెబ్‌క్యామ్ దగ్గర తప్పు దాక్కుంది. క్యూఇమేజ్ కట్టేటప్పుడు వరసకు 1239 అని విడిగా చెబితే తీరిపోయింది. అలా కట్టిన బొమ్మ బైట్లను కాపీ చేసుకోదని, మన బఫర్‌నే చూస్తూంటుందని మరో ఫోన్ వచ్చాక తెలిసింది.

అపోహ: 300 డీపీఐ అని రాస్తే ఫోటో స్పష్టమవుతుంది

కాదు. ఫైలులో ఆ అంకె ప్రింటర్‌కు చెప్పే సూచన మాత్రమే. క్యూట్ దాన్ని మీటరుకు ఇన్ని చుక్కలని దాచుకుంటుంది, 300 డీపీఐకి 11,811. ఒక్క పిక్సెల్ కూడా పెరగదు.

అపోహ: నా సిస్టంలో తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది

క్యూట్‌లో పీఎన్‌జీ, బీఎంపీ లాంటివి లోపలే ఉంటాయి. జేపెగ్, జిఫ్ విడి ప్లగిన్లు, 'ఇమేజ్‌ఫార్మాట్స్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. షాపులో ప్రోగ్రాం పెట్టిన మొదటి రోజు బటన్ల మీది బొమ్మలన్నీ వచ్చాయి, అవి పీఎన్‌జీలు. ఫోటో ఒక్కటీ రాలేదు. ఆ ఫోల్డర్‌ను కాపీ చేయడం మరిచాను. విండోస్‌లో 'విన్‌డిప్లాయ్‌క్యూట్' అనే పనిముట్టు దాన్ని తానే తెచ్చిపెడుతుంది.

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెయిక్ ఫోటోలు తీస్తున్నాయి. మ్యాక్‌లో క్యూట్ ఆ సిస్టం డీకోడర్‌నే వాడుకుని వాటిని తెరుస్తుంది. అదే కోడ్ విండోస్‌లో తెరవదు. జిఫ్‌నైతే క్యూట్ చదువుతుంది గానీ రాయదు. అందుకే చదవగలిగిన ఫార్మాట్ల జాబితా రీడర్‌ను, రాయగలిగినవి రైటర్‌ను అడగాలి, రెండూ ఒకటి కావు. నా ప్రోగ్రాం 'ఓపెన్' డైలాగ్ ఇప్పుడు ఆ జాబితాను అడిగే నింపుతోంది.

అపోహ: ఎర్రర్ రాలేదంటే సేవ్ అయినట్టే

చివరి ఫోన్ ఇది. "సేవ్ అయిందంటోంది రా, పెన్ డ్రైవ్‌లో ఏమీ లేదు." ఆ పెన్ డ్రైవ్‌ను ఎవరో అప్పటికే లాగేశారు. క్యూఇమేజ్ 'సేవ్' కేకలు వేయదు, ఫాల్స్ అని జవాబిచ్చి ఊరుకుంటుంది. నేనా జవాబు చూడకుండానే పక్క లైనులో పచ్చటి అక్షరాలతో 'సేవ్ అయింది' అని రాసిపెట్టాను. ఇప్పుడక్కడ ఒక ఇఫ్ ఉంది, సేవ్ కాకపోతే ఎర్ర అక్షరాలతో కారణం చెబుతుంది. బాబాయ్ మాత్రం ఇప్పటికీ పెన్ డ్రైవ్ తెరిచి ఫైలు చూశాకే పిల్లల దగ్గర డబ్బు తీసుకుంటాడు.