నూటికి తొంభై ఎనిమిది: బహ్రెయిన్‌లో ప్రజామోదం

నిరంకుశ పాలనను సామాన్య ప్రజలు ఎంతవరకు సమర్థించారన్న ప్రశ్న నాజీ జర్మనీ చరిత్రలో నేటికీ చర్చనీయాంశమే. 1934 ఆగస్టులో అధ్యక్షుని అధికారాలు కూడా హిట్లర్‌కే దఖలు పడడాన్ని ప్రజల ముందుంచినప్పుడు దాదాపు 90 శాతం ఓట్లు అనుకూలంగా పడ్డాయి. అందులో ఇష్టమెంత, భయమెంత అన్నది ఆ అంకె చెప్పదు. నాజీల నేరాలతో పోలిక లేకున్నా, ప్రజామోదాన్ని కొలవడంలోని ఈ చిక్కు బహ్రెయిన్ చరిత్రలోనూ కనిపిస్తుంది.

1973లో ఎన్నికైన బహ్రెయిన్ జాతీయ సభను 1975లో రద్దు చేశారు. విచారణ లేకుండా మూడేళ్ళ వరకు నిర్బంధించేందుకు వీలిచ్చిన 1974 నాటి రాజ్యభద్రతా చట్టం మాత్రం పావు శతాబ్దం పాటు అమలులో ఉన్నది. సభను పునరుద్ధరించాలంటూ 1994లో మొదలైన ఆందోళన కొన్నేళ్ళు సాగింది. 1999లో అధికారానికి వచ్చిన అమీర్ హమద్ ఖైదీలను విడుదల చేసి, ప్రవాసంలో ఉన్నవారిని తిరిగి రానిచ్చి, జాతీయ కార్యాచరణ పత్రాన్ని ప్రజాభిప్రాయానికి పెట్టాడు. 2001 ఫిబ్రవరి 14, 15 తేదీలలో జరిగిన ఆ ఓటింగులో స్త్రీలు కూడా పాల్గొన్నారు. అనుకూలంగా వచ్చినవి 98.4 శాతం ఓట్లు.

ఈ అంకెను భయంతో మాత్రమే వివరించలేము. అంతవరకు ఎదిరించిన ప్రతిపక్షం సైతం ఆ పత్రాన్ని బలపరిచింది. అయితే ప్రజలు అవునన్నది గడచిన పాలనకు కాదు, అది మారుతుందన్న మాటకు. ఓటింగు ముగిసిన కొద్ది రోజులకే భద్రతా చట్టం రద్దయింది. కాని 2002 రాజ్యాంగం, ఎన్నికైన 40 మంది సభ్యుల సభకు దీటుగా రాజు నియమించే 40 మంది సభను నిలిపింది. ప్రధాన ప్రతిపక్షాలు ఆ ఏటి ఎన్నికలను బహిష్కరించగా, పోలింగు 53 శాతం వద్ద ఆగింది.

2011లో నిరసనకారులు ఆందోళనకు ఎంచుకున్న రోజు కూడా ఫిబ్రవరి 14. ముత్యపు కూడలిలో వేలమంది గుమిగూడారు. వారం తిరగకముందే అల్ ఫతే మసీదు వద్ద, ప్రధానంగా సున్నీలతో, ప్రభుత్వానుకూల సభ జరిగింది. రెండూ నిజమైన జనసమూహాలే. 1990ల అణచివేత బరువు ఎక్కువగా షియా గ్రామాలపై పడింది. రాజ్యం ఒకరికి రక్షణగా, మరొకరికి నిర్బంధంగా అనుభవంలోకి వచ్చింది.

తెలుగువారికి ఇది కొత్త కాదు. ఎమర్జెన్సీ తరువాత 1977లో ఉత్తరాది ఓటర్లు కాంగ్రెసును తిరస్కరించగా, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాలలో 41 ఆ పార్టీకే ఇచ్చింది. మిగిలిన నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఉత్తరాదిని కుదిపిన బలవంతపు కుటుంబనియంత్రణ వేడి ఇక్కడ అంతగా తగలకపోవడం ఆ తేడాకు ఒక కారణం.

కనుక ప్రజలలో ఎంతమంది సమర్థించారని అడిగితే చాలదు. ఏ ప్రశ్నకు అవునన్నారు, ఆ పాలన బరువు ఎవరి భుజాలపై పడింది అన్నవి కూడా అడగాలి. 98.4 అన్న అంకెలో ఆ రెండింటికీ జవాబు లేదు.