బొమ్మ హెలికాప్టర్ కూలితే తప్పెవరిది?

గాల్లో నిలకడగా ఉన్న రిమోట్ హెలికాప్టర్ ఉన్నట్టుండి బొంగరంలా గిర్రున తిరిగింది. మరుక్షణం నేల మీద ముక్కలు! లోపం డిజైన్‌లోనా, నిర్వహణలోనా?

చాలా మోడళ్లలో పెద్ద రెక్కలు నిమిషానికి 2,000 సార్లకు పైగా తిరుగుతాయి. ఆ వేగానికి పుట్టే అదురుకు స్క్రూలు వదులవుతాయి. అందుకే లోహంలో బిగించే స్క్రూలకు థ్రెడ్‌లాక్ అనే జిగురు రాస్తారు. అది మరిచినా, తోక రెక్కను తిప్పే బెల్టు వదులైనా, అరిగిన బేరింగు మార్చకపోయినా తప్పు నిర్వహణదే.

అన్నీ సరిగ్గా బిగించినా, ఎందరి దగ్గరో అదే భాగం అదే చోట విరుగుతుంటే? అనుమానం డిజైన్ మీదికి మళ్లుతుంది.

తొలినాటి మోడళ్లే ఇందుకు ఉదాహరణ. వాటిని గాల్లో అదుపు చేయడమే గగనం. స్క్రూలు ఎంత బిగించినా లాభం లేదు. 1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ వంటివారు డిజైన్‌నే మార్చారు. పెద్ద రెక్కలకు అడ్డంగా చిన్న తెడ్లున్న కడ్డీ చేరాక మోడళ్లు కుదురుగా ఎగిరాయి.