జీపు రేకునకు బలమెక్కడిది?

రెండవ ప్రపంచయుద్ధకాలపు జీపును పునరుద్ధరింపబూనినవానికి ఇంజనుకంటెను గేరుపెట్టెకంటెను నేలరేకే కఠినపరీక్ష పెట్టును. ఏలనన, దళసరి పోత ఇనుము ఎనుబదేండ్లు నిలిచినను పలుచని రేకును తుప్పు తినివేయును, పోయినదానికి బదులు రేకును కోసి మడిచికొనక తప్పదు. అట్లు మడుచునపుడే ఆ బండిని కల్పించినవారి బుద్ధివిశేషము చేతికి తెలియవచ్చును.

ఆ బుద్ధికి పదును పెట్టినది బరువు. 1940లో అమెరికా సైన్యము కోరిన చిన్నబండికై పెన్సిల్వేనియాలోని బాంటం, టొలీడోలోని విల్లీస్, వానితోపాటు ఫోర్డు పోటీపడినవి. కార్ల్ ప్రాబ్స్ట్ రచించిన బాంటం బండి ముందుగా సిద్ధమయ్యెను. విల్లీస్ బండి 60 అశ్వశక్తుల ఇంజనుతో తక్కిన రెంటిని మించెను గాని, 2,160 పౌనుల పరిమితిని, అనగా సుమారు 980 కిలోలను, నూరు కిలోలకు పైగా దాటిపోయెను. విల్లీస్ ఇంజనీరు డెల్మార్ రూస్ ఆ ఇంజనును విడువనొల్లక, బండినంతయు విప్పించి, అవసరమునకు మించిన పొడవుగల బోల్టులను కత్తిరించి, రంగుపూతను సైతము పలుచన చేసి, కొన్ని ఔన్సుల తేడాతో దానిని పరిమితిలోనికి దింపెను. ఈ వృత్తాంతమును తలచినపుడెల్ల నాకు రోమాంచమగును.

ఇంత పలుచని రేకు సైనికుల బూట్లక్రింద క్రుంగదేలయని తరగతిలో నొక బాలుడు నన్నడిగెను. రేకు వంగినపుడు వెలిముఖము సాగును, లోముఖము నొక్కుకొనును, నడుమ నొక పొర సాగకయు నొక్కుకొనకయు నుండును, దానిని తటస్థతలమందురు. ఆ తలమునకు దూరముగానున్న లోహమే వంపును గట్టిగా నెదిరించును. దూరము రెట్టింపైన దాని సాయము నాలుగింతలగును. రేకు మందమును రెట్టించినచో దృఢత ఎనిమిదింతలగుట నిజమే గాని, బరువును రెట్టింపగును. అట్లుగాక మరియొక రేకును టోపీ అడ్డుకోత ఆకారమున మడిచి, నేలరేకు క్రింద స్పాటు వెల్డింగుతో నతికినచో, కొద్ది లోహమే తటస్థతలమునకు దూరముగా నిలిచి, అత్యల్పమైన అదనపు బరువుతో ఎన్నోరెట్లు దృఢతనిచ్చును. అంతేకాదు, నేలరేకుతో కలిసి ఆ పట్టీ నాలుగువైపుల మూసిన గొట్టమగును. కాగితమును గొట్టముగా చుట్టి, అంచులనతికి మెలిత్రిప్పి చూడుడు. పిదప నిలువున చీల్చి మెలిత్రిప్పుడు. మూసిన గొట్టమునకు గల మొండితనము చీలినదానికి లేశమైననుండదు.

ఈ సూత్రమునే ఇరువురు ప్రత్యర్థులు రెండు విధముల వాడుకొనిరి. సైన్యము మెచ్చిన విల్లీస్ నమూనాలోనే ఇరువురును బండ్లను చేయుచున్నను, చట్రపు ముందు అడ్డుకమ్మీకి విల్లీస్ గొట్టమును, ఫోర్డు బోర్లించిన తొట్టివంటి పట్టీని పెట్టెను. రేడియేటరు ముందరి గ్రిల్లును విల్లీస్ మొదట ఇనుపబద్దలను వెల్డుచేసి కూర్చెను. ఫోర్డు ఒకే రేకును అచ్చులో నొక్కి తొమ్మిది చీలికలు తీసెను. అది తేలిక, చౌక. విల్లీసును దానినే స్వీకరించెను. నా మనస్సు ఈ విషయమున ఫోర్డుపక్షమే.

నేలక్రింది పట్టీలలో మాత్రమొక లోపము దాగియున్నది. బోల్టు బిగించునపుడు రేకు నలగకుండుటకై లోపల చెక్కను పెట్టిరి. ఆ చెక్క నీటిని పీల్చి విడువక, పట్టీని లోపలినుండి కుళ్లించెను. దానిని మరల చేయుటయే గొప్ప పని. అడ్డుకోతలో నాలుగు మడతలు. ఒక్కొక్క మడతకు కావలసిన రేకును లెక్కింపవలెను, వంపు తీక్ష్ణమైనకొలది తటస్థతలము లోముఖమువైపు జరుగుననియు మరువరాదు. మడతకు అరమిల్లీమీటరు తప్పినను మొత్తము రెండు మిల్లీమీటర్లగును, అంతటితో బోల్టురంధ్రము చట్రపు రంధ్రమున కెదురుపడదు. పైగా ఒత్తిడి తీసినంతనే రేకు కొంత విచ్చుకొనును. కనుక లంబకోణమునకు ఒకటి రెండు డిగ్రీలు మించి మడువవలయును. ఎంత మించవలయునో అదే రేకుముక్కపై పరీక్షించి తెలిసికొనుటయే మేలు.

యుద్ధానంతరము విల్లీస్ పౌరులకు జీపుల నమ్మెను. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో వానిని కూర్చనారంభించిరి.

ఇక పునరుద్ధరించువారికి నా మాట: క్రొత్త పట్టీని పాతదాని కొలతలకే చేయుడు, చెక్కకు బదులు ఉక్కుగొట్టపు ముక్కలను నిలుపుడు, అతుకు పడు ముఖములకు వెల్డింగును సహించు జింకుపూత పూయుడు, నీరుపోవు రంధ్రములు విడువుడు. ఫోర్డు తన బోల్టులపై కొట్టిన ఎఫ్ అక్షరమును మాత్రము మీ చేతిపనిపై కొట్టకుడు.